తులం వెండి, రూపాయి బిళ్ళ

పాత రూపాయి బిళ్ళ బరువు సరిగ్గా ఒక తులం, అంటే 180 గ్రెయిన్లు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ వెండి కథ నన్ను వదల్లేదు. త్రాసులో ఒకవైపు కడియం, రెండోవైపు రూపాయలు. డబ్బే పడికట్టు రాయి! ఇంకా ముచ్చటైనది, 1893 దాకా ఎవరు వెండి తెచ్చినా బొంబాయి టంకశాలలో కాస్త రుసుము పట్టుకుని రూపాయలు కొట్టి ఇచ్చేవాళ్ళు. అనంతపురం జిల్లా గార్లదిన్నె లాంటి మెట్ట ఊళ్ళో రైతు ఇంటి ఆడబిడ్డ కాళ్ళకున్న కడియాలు కరువుకు దాచిన రూపాయలే అన్నమాట.

రాయలసీమలో వెండి రూపాయికి ముందు బంగారు వరహాలదే రాజ్యం, విజయనగరం నాటి నుంచీ. 1800లో దత్తమండలాలకు, అంటే ఈ సీమకే, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కూడా శిస్తు వరహాల్లోనే లెక్కకట్టాడు. 1818లో మద్రాసు ప్రభుత్వం నూరు వరహాలకు 350 రూపాయల చొప్పున వెండికి మారింది. 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చింది.

1870ల్లో జర్మనీ బంగారానికి మారింది, అమెరికా గనుల్లో వెండి విరగబడింది. రెండు షిల్లింగులు పలికిన రూపాయి ఇరవయ్యేళ్ళలో షిల్లింగు మూడు పెన్నీల దాకా జారింది. లండనుకు పౌండ్లలో చెల్లించాల్సిన ప్రభుత్వానికి అది గుదిబండ. జీతం రూపాయల్లో తీసుకుని ఇంటికి పౌండ్లు పంపే దొరలకూ అంతే. రూపాయి విలువ నిలబెట్టడానికి 1893 జూన్ 26న జనం తెచ్చే వెండికి టంకశాలల తలుపులు మూసేశారు.

నన్ను పట్టి నిలిపేది 1896. ఆ జులైలో అమెరికా డెమొక్రాటిక్ పార్టీ చికాగో సభలో ముప్పయ్యారేళ్ళ విలియం జెన్నింగ్స్ బ్రయాన్ వెండి కోసం గర్జించాడు. బంగారం ప్రియమై పంట ధర పడిపోతుంటే, అదే అప్పు రెండింతల బరువవుతోందని కాన్సాస్, నెబ్రాస్కా రైతుల గోడు. వాళ్ళు వెండి పక్షాన అధ్యక్ష పదవికే బ్రయాన్‌ను నిలబెట్టారు, నవంబరులో ఓడారు. అదే ఏడు మన దత్తమండలాల్లో వానలు ఎగ్గొట్టాయి. 1876-78 కరువులో ఊళ్ళ నగలు టంకశాలకు చేరి రూపాయలై తిరిగొచ్చాయి. ఈసారి ఆ దారి లేదు. శిస్తుకు అడిగేది మాత్రం రూపాయే. 1897లో ఆ రూపాయిలోని వెండిని విడిగా అమ్మితే దాని విలువలో దాదాపు మూడింట రెండు వంతులే వచ్చేది. తరతరాలుగా పేదలు కూడబెట్టుకున్నదాన్ని ఒక్క చట్టంతో మూడో వంతు కోసేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. కాన్సాస్ రైతు ఓడినా ఓటు వేశాడు. మన రైతును అడిగిందెవరు? అతని తరఫున 1898 నాటి కరెన్సీ కమిటీ ముందు దాదాభాయి నౌరోజీ వాదించాడు, రూపాయి విలువ పెంచడమంటే దొడ్డిదారిన పన్ను పెంచడమేనని. రమేశ్ చంద్ర దత్తు కూడా సాక్ష్యమిచ్చాడు. కమిటీ బంగారం వైపే మొగ్గింది.

బ్రయాన్ తర్వాత లోకయాత్రలో మన దేశానికీ వచ్చాడు. 1906లో ఇక్కడి ఆంగ్ల పాలనను తూర్పారబడుతూ వ్యాసం రాశాడు. అప్పటికే రూపాయి, సవరనుకు పదిహేను లెక్కన, బంగారానికి కట్టుబడి ఉంది.