కరువు కాలంలో కాపరి



కోతలు అయిపోయాక మా శృంగవరపుకోట చుట్టుపక్కల పొలాల్లోకి గొర్రెల మందలు దిగుతాయి. రైతు తన మడిలో మంద కట్టమని కాపరిని పిలుస్తాడు. రాత్రంతా మంద అక్కడే పడుకుంటుంది. పొలానికి ఎరువు దక్కుతుంది, కాపరికి ధాన్యమో డబ్బో ముడుతుంది. మేము సేవకు వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం అలాంటి కాపరి పక్కన కూర్చున్నాం. "తాతా, రాత్రి పడుకోవా?" అని అడిగాం. "మంద పడుకున్నాక నాను పడుకుంటాను బాబూ, మంద లెగకముందే లెగుస్తాను" అన్నాడు. కాపరి పరిచర్య గురించి సెమినరీలో ఎన్నో పాఠాలు విన్నాం. కానీ ఆ మాట మా నోట్సులో ఎక్కడా లేదు.

ప్రియులారా, 23వ కీర్తన రాసిన దావీదు రాజు. ఒకప్పుడు గొర్రెలు కాసినవాడు. అయినా ఆ కీర్తనలో తనను తాను కాపరిగా చెప్పుకోలేదు, గొర్రెగానే చెప్పుకున్నాడు. కాపరి యెహోవాయే. సంఘ నాయకుడు ముందు నేర్చుకోవలసింది ఇదే అని మాకు తోస్తుంది. తానూ ఒక గొర్రెనని మరచిన కాపరి ఏమవుతాడో యెహెజ్కేలు 34వ అధ్యాయంలో చూస్తాం. అక్కడి కాపరులు మందను మేపకుండా తమ కడుపు నింపుకున్నారు. దేవుడు వారి చేతిలోనుండి మందను తీసుకొని తానే వెదకుతానన్నాడు.

ఈ సంగతి మన తెలుగు సంఘ చరిత్రలో ఒక చోట స్పష్టంగా కనబడుతుంది. దాని మొదలు మన ప్రాంతంలోనే ఉంది. 1836లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ కుటుంబంతో విశాఖపట్నం చేరి, తరువాత శ్రీకాకుళంలో కొంతకాలం ఉన్నారు. అక్కడినుండి మద్రాసు వెళ్లి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా ఫలం కనబడలేదు. ఈ మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జూయెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. మొత్తం ఐదుగురు. ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమన్నదే వారి ప్రార్థన.

జవాబు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చారు. రాగానే ఆయనకు పరీక్ష ఎదురైంది. ఒకవైపు పై కులాలవారు ఆసక్తి చూపుతున్నారు. మరోవైపు మాదిగలైన ఎర్రగుంట్ల పేరయ్య వంటివారు సంఘంలోకి వస్తున్నారు. వీరిని చేర్చుకుంటే మేము రాబోమని పెద్దలు చెప్పేశారు. పేరున్నవారు వస్తే పని తొందరగా పెరుగుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ రోజు క్లౌ, ఆయన భార్య వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం ఎదురైందట: మొదటి కొరింథీయులకు 1వ అధ్యాయం చివరి వచనాలు. లోకం లెక్కచేయనివారిని దేవుడు ఏర్పరచుకుంటాడని పౌలు చెప్పిన చోటు అది. పెద్దలు వెళ్లిపోయారు. పేరయ్య ఉండిపోయాడు. ఆయన తోలు వ్యాపారం చేసుకునే మనిషి. ఆ తరువాత ఊరూరా తిరిగి తనవారికి సువార్త చెప్పినది ఆయనే.

పదేళ్లకు ఇంకా కఠినమైన పరీక్ష వచ్చింది. అది 1876 నుండి 1878 వరకు దక్షిణాదిని పీడించిన కరువు. మన పెద్దలు ధాత కరువు అన్నది దీనినే. తిండి లేక జనం రోడ్ల పక్కన పడిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. తనవారికి పని, కూలి, కాపుదల దొరకాలని క్లౌ సుమారు మూడున్నర మైళ్ల కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. సేవకు రాకముందు సర్వే పని చేసిన అనుభవం ఆయనకు ఉంది. ఆయన దగ్గరి తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలయ్యారు. పగలు పని చూశారు, విరామంలో వాక్యం చెప్పారు. కలరా వచ్చినప్పుడు కూడా ఆ జనం మధ్యనే ఉన్నారు.

ఆ పనిలో ఉన్నవారు వేలకొద్దీ బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఏడాదికి పైగా నీళ్లవైపు ఎవరినీ తీసుకువెళ్లలేదు. కూటికోసం క్రైస్తవులయ్యారనే నింద రాకూడదని ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మరొకటి. ఆకలిగా ఉన్న మనిషి ఇష్టం ఎంతవరకు స్వేచ్ఛగా ఉంటుంది? అన్నం పెట్టే చేయి ఏమి అడిగినా ఆ మనిషి సరే అంటాడు. ఆ బలాన్ని వాడుకోకపోవడమే అక్కడ కాపరితనం.

1878లో సహాయం ఆగిపోయాక క్లౌ జనాన్ని కలిసి, ఇక మా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్లకు వెళ్లండి అన్నారు. వారు కదల్లేదు. మాకు డబ్బు వద్దు, ప్రభువు కావాలి అన్నారు. అప్పుడే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మాలు మొదలయ్యాయి. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడు ముగిసేసరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ఇచ్చారు.

దేవుని బిడ్డలారా, మన సభల్లో ఆ 2,222 గురించి ఎంతో చెప్పుకుంటాం. దానికి ముందు ఒక్క బాప్తిస్మమూ లేని ఆ నెలల గురించి చెప్పుకోం. ఆ నెలల్లో రిపోర్టులో రాయడానికి అంకె లేదు. అయినా కాపరి అప్పుడే తన పని చేశాడు.

ఈ చరిత్ర మా సొంత సిగ్గును గుర్తుచేస్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ గాలికి మామిడి, జీడి తోటలు నేలకు ఒరిగాయి. మా మందిరం రేకులు లేచిపోయాయి. కొన్ని రోజులకు ఒక చోటినుండి బియ్యం, టార్పాలిన్లు వచ్చాయి. నలభై ఇళ్లకు సరిపడా ఉన్నాయి. రాత్రి లాంతరు పెట్టుకొని జాబితా రాశాం. ఆదివారం తప్పక వచ్చేవారి పేర్లు పైన, అప్పుడప్పుడు వచ్చేవారివి కింద. బయటివారి పేర్లు లేనే లేవు. తెల్లారి ఆ జాబితా చదివి వినిపిస్తే, సంఘంలో చదువురాని ఒక తల్లి నెమ్మదిగా అడిగింది: "అయ్యగారూ, గాలి ఇల్లు చూసి కొట్టిందా, ఆరాధనకి వచ్చినోళ్లని చూసి కొట్టిందా?"

ఆ కాగితం చింపేశాం. పైకప్పు పోయిన ఇళ్లను ఒక్కొక్కటే తిరిగి చూసి, మళ్లీ రాశాం. మావారిలో కొందరికి అందలేదు. వారు కొన్నాళ్లు మాతో సరిగా మాట్లాడలేదు కూడా.

నెల తిరగకుండా టార్పాలిన్ తీసుకున్న ఒకాయన వచ్చి, "మీ మేలు మరచిపోలేను, బాప్తిస్మం తీసుకుంటాను" అన్నాడు. మా ప్రాణం లేచి వచ్చింది. కానీ కొంతకాలం ఆగి, వాక్యం విని, అప్పుడు నిర్ణయించుకోమన్నాం. ఆయన మళ్లీ రాలేదు. తప్పు చేశామా అని ఎన్నో రాత్రులు మథనపడ్డాం. ఇప్పటికీ సంతలో కనబడితే ఆయన నవ్వుతూ పలకరిస్తాడు, కలిసి టీ తాగుతాం. మేమిచ్చినది అప్పు కాదని ఆయనకు తెలుసు. ఆయన సంగతి గొర్రెల గొప్ప కాపరి చేతిలో ఉంది.

పేతురు తన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పెద్దలకు చెప్పినది కూడా ఇదే. మంద దేవునిది. దానిమీద ప్రభువులై ఉండక, మాదిరిగా ఉండాలి. ప్రధాన కాపరి వచ్చి లెక్క అడుగుతాడు. ఎంతమందిని చేర్చావు అనే కాదు, ఆకలిగా ఉన్నప్పుడు వారితో ఎలా నడిచావు అని కూడా అడుగుతాడని మా నమ్మకం.

ప్రార్థన చేద్దాం. మా కాపరివైన ప్రభువా, మేము కూడా నీ మందలోని గొర్రెలమేనని మరచిపోనియ్యకు. మా చేతిలో ఉన్న అన్నాన్ని వలగా మార్చనియ్యకు. అంకె కనబడని నెలల్లో నిన్ను నమ్మే ఓపిక దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.