గోడ చేనిది, కప్పు బజారుది: ఎడారిలో ఇంటికప్పు ఖర్చు కథ



ఎండాకాలం వచ్చిందంటే మా అనంతపురం పల్లెల్లో రెండే మాటలు. ఒకటి బోరు, రెండోది మిద్దె. పాత మట్టి మిద్దె తీసేసి స్లాబు వేయిస్తే ఎంతవుతుంది అని ఒకరినొకరు అడుగుతుంటారు. మేస్త్రి చదరపు అడుగుకింత అని చెప్తాడు. మనం బేరమాడతాం, అప్పు తెస్తాం, పని అయిపోతుంది. ఆ రేటులో రాని ఖర్చులు మాత్రం తర్వాత వస్తాయి. అవేంటో చెప్పడానికి ఈజిప్టు కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మనది మెట్ట, వాళ్లది అచ్చమైన ఎడారి. అక్కడ పేద రైతు ఇంటికప్పు గురించే హసన్ ఫాతీ అనే ఆర్కిటెక్టు తన జీవితంలో చాలా భాగం తల బద్దలు కొట్టుకున్నాడు. 1900లో పుట్టాడు, 1989లో పోయాడు. కథ కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు అక్కడి నేల సంగతి. నైలు నదికి అటూ ఇటూ సన్నటి పచ్చని పట్టీ, అది దాటితే ఇసుక. దక్షిణాన లక్సర్ వైపు ఏడాదంతా చుక్క పడకపోయినా ఎవరూ ఆశ్చర్యపోరు. అయినా గోడలకు కొదవ లేదు. నది వరద ఏటా తెచ్చిపోసిన ఒండ్రుమట్టిలో గడ్డి కలిపి తొక్కి, అచ్చుపోసి ఎండబెడితే పచ్చి ఇటుక తయారు. మన తాతలు గోడ పెట్టినట్టే. చేతిలోంచి రూపాయి కదలదు.

చిక్కంతా కప్పు దగ్గర. కప్పుకు దూలం కావాలి, ఎడారిలో మాను ఎక్కడిది? ఖర్జూరం మొద్దు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఓడల్లో వచ్చే కలప కొనాలి. అంత స్తోమత లేనివాడు గోడల మీద రెల్లు, కట్టెపుల్ల పరిచి మట్టి మెత్తేవాడు. పొయ్యిలోకి దాచుకున్న పత్తికట్టె, మొక్కజొన్న దంటు కూడా ఆ కప్పు మీదే. నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గోడ చేనిది, కప్పు బజారుది అని నేనంటున్నది ఇందుకే. రైతుని అప్పులోకి దించేది కప్పే.

1941లో కైరో పక్కన బహ్తీమ్ అనేచోట రాయల్ వ్యవసాయ సంఘం వాళ్ల పొలంలో పనివాళ్లకు ఇళ్లు కట్టే పని ఫాతీకి వచ్చింది. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం. ఇనుము రాదు, కలప రాదు. గోడలు లేస్తాయి, కప్పు ఎలా? మట్టి ఇటుకతోనే కమాను కప్పు వేద్దామనుకున్నాడు. కానీ కమాను నిలబడేదాకా కింద సెంట్రింగు కావాలి కదా. సెంట్రింగుకూ కలపే కావాలి. సెంట్రింగు లేకుండా వేసి చూశారు, కూలిపోయింది. మళ్లీ వేశారు, మళ్లీ కూలింది.

ఆస్వాన్ వైపు పనిచేసిన ఆయన తోబుట్టువు అప్పుడు ఒక మాట చెప్పాడు. అక్కడి నూబియా వాళ్లు సెంట్రింగు లేకుండానే మట్టి కమాన్లు వేస్తారు అని. ఫాతీ ఆస్వాన్ వెళ్లి చూస్తే ఊరికి ఊరే అలాంటి ఇళ్లు. వేసేది చదువుకున్న ఇంజనీర్లు కాదు, మామూలు ఊరి మేస్త్రీలు. వాళ్లలో బొగ్దాదీ అహ్మద్ అలీ అనే ఆయన తర్వాత ఫాతీతోపాటు ఎన్నో పనులకు వెళ్లాడు. 3 మీటర్లకు 4 మీటర్ల గదికి కప్పు వేయడానికి ఈ మేస్త్రీలకు పట్టేది ఒకటిన్నర రోజని ఫాతీ రాశాడు. చేతిలో బాడిస, పక్కన మట్టి అందించే మనిషి. అంతే సరంజామా.

ఎలా వేస్తారో కాస్త వివరంగా చెప్తా, మనలో మట్టిపని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి. రెండు పక్క గోడల మధ్య దూరం 3 మీటర్ల లోపే పెట్టుకుంటారు. వెనక గోడని మిగతావాటికంటే ఎత్తు లేపుతారు. మేస్త్రి ఆ గోడ మీద కంటి అంచనాతోనే మట్టితో కమాను గీత గీస్తాడు. ఎలాంటి వంపు అంటే, పలుపుతాడు రెండు కొసలూ పట్టుకుని వదులుగా వేలాడదీస్తే వచ్చే వంపు, దాన్ని తిరగేసి చూడండి. ఆ ఆకారంలో బరువంతా ఒత్తిడిగానే కిందికి దిగుతుంది, ఎక్కడా వంగదీయదు. మట్టి ఒత్తిడికి ఓర్చుకుంటుంది, వంగదీస్తే విరుగుతుంది. కిటుకంతా అదే.

కప్పు ఇటుక వేరు. పొడవు 25 సెంటీమీటర్లు, వెడల్పు 15, మందం 5 మాత్రమే. తేలిగ్గా ఉండాలని గడ్డి ఎక్కువ కలుపుతారు. పచ్చిగా ఉన్నప్పుడే మీద వేళ్లతో రెండు గాట్లు లాగుతారు, మట్టి బాగా పట్టుకోవాలని. మొదటి వరసని వెనక గోడకి ఆనించి ఏటవాలుగా పెడతారు. రెండో వరస మొదటిదాని మీదికి వాలుతుంది, మూడోది రెండోదాని మీదికి. పుస్తకాలు బీరువాలో ఒక పక్కకి వాల్చి పేర్చినట్టు. అందుకే ఏ వరసా జారదు, కింద సెంట్రింగు అక్కర్లేదు. ఇటుకల పైఅంచుల మధ్య సందుల్లో చిన్న రాళ్లు దూర్చి బిగిస్తారు, మట్టి ఆరి కుంచించుకుపోయినా వంపు దిగకుండా.

ఇదేదో కొత్తగా కనిపెట్టింది కాదు. లక్సర్ దగ్గర రెండో రామ్సెస్ కట్టించిన రామెసియం గుడి వెనక ధాన్యపు కొట్లు ఉన్నాయి. అవీ పచ్చి ఇటుక కమాన్లే. సుమారు 3,200 ఏళ్లయింది, కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి. వాన లేని చోట మట్టికి చావు లేదు. వాన ఉన్నచోట మాటేమిటి అనేది చివర్లో చెప్తా.

ఇక రేటులో రాని మొదటి ఖర్చు, వేడి. 1964లో కైరోలో భవన పరిశోధన సంస్థ ఆవరణలో రెండు రకాల గదులు కట్టి పరీక్ష చేశారు. ఒకటి మందపాటి మట్టి ఇటుక గోడలు, మట్టి కమాను కప్పు. ఇంకోటి పది సెంటీమీటర్ల కాంక్రీటు పలకలతో బిగించినది. మట్టి గదిలో పగలూ రాత్రీ కలిపి తేడా 2 డిగ్రీలు దాటలేదు, 21 నుంచి 23 మధ్య నడిచింది. కాంక్రీటు గది 36కి పోయింది. బయటి గాలి కంటే 9 డిగ్రీలు ఎక్కువ. ఎండ తప్పించుకోడానికి లోపలికి వెళ్తే లోపలే ఎక్కువ ఎండ అన్నమాట. ఆ తేడాని మనం ఈరోజు కూలర్లతో, ఏసీలతో, కరెంటు బిల్లుతో కడుతున్నాం. మేస్త్రి రేటులో అది ఉండదు.

ఇంత మంచి కప్పు మరి దేశమంతా ఎందుకు పాకలేదు? నాకు ఈ కథలో అన్నిటికంటే పనికొచ్చేది ఈ ముక్కే.

లక్సర్ అవతలి ఒడ్డున గుర్నా అనే ఊరు పాత సమాధుల మీదే ఉండేది. ఆ జనాన్ని, దాదాపు 7,000 మందిని, అక్కడినుంచి కదిలించడానికి 1945లో ప్రభుత్వం ఫాతీతో కొత్త గుర్నా మొదలుపెట్టించింది. మసీదు, బడి, అంగడి, అన్నీ మట్టి ఇటుకతోనే కట్టాడు. 1948కి పని సగంలోనే ఆగింది. జనం రామన్నారు. వాళ్ల బతుకు ఆ సమాధుల దగ్గర ఉంటే ఈయన ఇళ్లు ఇంకోచోట కట్టాడు. పైగా గుమ్మటం అంటే అక్కడివాళ్లకి గోరీ గుర్తొస్తుందట, అది ఇంటి మీద ఎవరు పెట్టుకుంటారు? తర్వాత చేరినవాళ్లు కూడా ఒక్కొక్కరే పడగొట్టి కాంక్రీటు వేసుకున్నారు. వాళ్లని తప్పు పట్టలేం. కొడుక్కి పెళ్లయితే మీద ఇంకో అంతస్తు లేపాలి. కమాను మీద అంతస్తు లేవదు. భూగర్భజలం పైకొచ్చి ఉప్పు గోడల్ని తినేసింది. మనింట్లో కూడా మిద్దె తీయడానికి అసలు కారణం చాలాసార్లు కొడుకు గదే కదా.

ఇంకో చేదు సంగతి. ఆస్వాన్ పెద్ద డ్యాం కింద మునిగిన నూబియా ఊళ్ల జనాన్ని, దాదాపు 50,000 మందిని, 1963-64లో కోమ్ ఓంబో దగ్గరికి తరలించారు. కమాను కప్పు విద్య ఎవరిదో వాళ్లకే ప్రభుత్వం వరసగా కాంక్రీటు కప్పుల ఇళ్లిచ్చింది. డ్యాం 1970లో పూర్తయ్యాక ఒండ్రు రావడం ఆగింది. ఇటుకల కోసం పొలం మట్టి గీకడం వల్ల చేలు పాడవుతున్నాయని 1983లో చట్టం చేసి దాన్ని ఆపేశారు. వేల ఏళ్లు ఊరికే దొరికిన మట్టి ఒక్క తరంలో దొరకని సరుకైపోయింది. కప్పే కాదు, గోడ కూడా బజారుకి పోయింది. మన చెరువు ఒండ్రు ట్రాక్టర్లకి ఎత్తేస్తున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

సరే, మన సంగతి. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా వాన ఉంది. కాబట్టి ఈజిప్టు కమాను తెచ్చి ఇక్కడ పెట్టమని నేననను, రెండు జడివానలకే పాడవుతుంది. మన మిద్దె మనకు తగినదే: దూలాలు, దంతెలు, మీద మట్టి, ఆ పైన ఏటా వానలకు ముందు చౌడు. చౌడు పోయడానికి మనుషులు లేకనే మిద్దెలు కారుతున్నాయి. దాని ఖర్చు డబ్బు కాదు, ఏటా ఓపిక. స్లాబుది ఒక్కసారి అప్పు, తర్వాత ఏటా వేడి.

మిద్దెకు ఉన్న ప్రమాదం కూడా దాచను. అడుగు మందం మట్టి చదరపు మీటరుకి 450 కిలోల పైమాటే, 5 అంగుళాల స్లాబు 300 కిలోలు. ఏటా చౌడు మీద చౌడు పోస్తే బరువు ఇంకా పెరుగుతుంది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు భూకంపంలో పోయిన 9,000 పైచిలుకు మందిలో ఎక్కువమంది రాతిగోడలు, బరువైన మట్టికప్పుల కింద పడే పోయారు. దూలం పుచ్చిందని అనుమానం ఉంటే రోజులు నెట్టొద్దు. దూలం గట్టిగా ఉండి కారడమే సమస్యైతే, పాత పొరలు దించి కొత్తగా చౌడు వేయించడానికి ఎంతవుతుందో కూడా అడగండి. స్లాబు రేటు పక్కన ఆ లెక్క పెట్టి చూడండి. మిద్దె విప్పే కూలి, మట్టి తరలించే ట్రాక్టరు, పాత గోడ స్లాబుకు ఆగుతుందా లేక పిల్లర్లు లేపాలా, ఇవన్నీ ముందే మాట్లాడుకోండి.

ఇప్పటికే స్లాబు వేసేసినవాళ్లు తెల్ల సున్నమైనా కొట్టించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం అని తెచ్చింది, అదీ దాదాపు ఇలాంటిదే: కప్పు తెల్లగా ఉంటే ఎండ తిరిగి పైకే పోతుంది. ఫిబ్రవరిలోనే కానిచ్చుకోండి, ఏప్రిల్లో ఆ స్లాబు మీద కాలు పెట్టలేం.