తాంతో: ఒక చిన్న బాకును చారిత్రక ఆధారంగా చదవడం

చారిత్రక ఆధారాలనగానే మీకు శాసనాలు, నాణేలు, గ్రంథాలు గుర్తుకు వస్తాయి. ఒక ఆయుధం కూడా ఆధారమే. జపాన్ దేశపు చిన్న బాకు 'తాంతో'ను ఇందుకు ఉదాహరణగా తీసుకుందాం. దాని అలుగు పొడవు ఒక 'షాకు'కు, అనగా సుమారు 30 సెంటీమీటర్లకు లోపే ఉంటుంది. 13వ శతాబ్దంలో క్యోటోకు చెందిన అవతగుచి యొషిమిత్సు వీటి తయారీలో ప్రసిద్ధుడు.

తయారీ విధానం

ఇనుప ఇసుకను, బొగ్గును 'తతారా' అనే మట్టి కొలిమిలో సుమారు మూడు రోజులు రేయింబవళ్లు కాల్చి ఉక్కును తీస్తారు. తెలంగాణలోని కోనసముద్రంలో ఉక్కును మూసల్లో తయారు చేసేవారు. తతారాలో అది పెద్ద ముద్దగా ఏర్పడుతుంది. అందులో కర్బనం అంతటా సమానంగా ఉండదు, మలినాలూ ఉంటాయి. కనుక కమ్మరి దానిని కాల్చి, సాగగొట్టి, మడిచి, మళ్లీ సాగగొడతాడు. పదిసార్లు మడిస్తే 1024 పొరలవుతాయి. ముడిసరుకులోని లోపాన్ని సరిదిద్దడానికే ఈ శ్రమ.

తరువాత అలుగుకు బంకమన్ను పూస్తారు. అంచున పలుచగా, వెన్ను వైపు మందంగా పూసి, ఎర్రగా కాల్చి నీటిలో ముంచుతారు. అంచు వెంటనే చల్లారి గట్టిపడుతుంది. వెన్ను నిదానంగా చల్లారి, విరగని గుణాన్ని నిలుపుకుంటుంది. గట్టిపడిన అంచు వెంట తేలే తెల్లని రేఖే 'హమోన్'. అలుగు పగిలితే అప్పటివరకు పడిన శ్రమంతా వృథా.

ఫొటో చెప్పేది, చెప్పనిది

ఫొటో చూసి వస్తువునే చూశామనుకునే విద్యార్థులు నాకు చాలామంది తారసపడ్డారు. సానపట్టిన అలుగు అద్దం వంటిది. కాంతి ఒక కోణంలో పడితే హమోన్, మరో కోణంలో పడితే పొరల చారలు కనిపిస్తాయి. ఒకే ఫొటోలో రెండూ స్పష్టంగా రావడం కష్టం. అందుకే నిపుణులు అలుగుపై పలుచని కాగితం పరచి, సిరాతో రుద్ది ఆకారాన్ని తీసుకుంటారు; హమోన్‌ను చేతితో గీస్తారు. శాసనాలకు అచ్చు తీయడం వంటిదే ఇది. పిడిలో దాగే భాగంపై తుప్పును మాత్రం తుడవరు. బాకు వయసును అంచనా వేయడానికి ఆ తుప్పు, అక్కడ చెక్కిన కమ్మరి పేరు ముఖ్యాధారాలు.

ఆయుధమా? కళాఖండమా?

1876లో మెయిజీ ప్రభుత్వం సైనికులు, పోలీసులు వంటి కొందరికి తప్ప ఇతరులకు బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించింది. కమ్మరులకు గిరాకీ పడిపోయింది. 1945 ఓటమి తరువాత ఆక్రమణ సైన్యాలు కత్తులను స్వాధీనం చేసుకోగా అనేకం నాశనమయ్యాయి. కళావిలువ ఉన్నవాటిని కాపాడాలన్న వాదన నెగ్గడంతో కొన్ని మిగిలాయి. 1948లో వాటి పరిరక్షణకు ఒక సంఘం ఏర్పడింది. 1977లో షిమానెలో తతారా మళ్లీ వెలిగింది. నేడు ఏళ్ల తరబడి శిష్యరికం చేసి, అనుమతి పొందినవారే కత్తులు చేయాలి.

వస్తువు మారలేదు, దానికి సమాజం పెట్టిన పేరు మారింది. ఆ పేరే దాని భవితవ్యాన్ని నిర్ణయించింది. ఇకపై మ్యూజియం ఫొటో చూసినప్పుడు కాంతి ఎటునుంచి పడిందో, ఏది కనిపించకుండా పోయిందో గమనించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: తాంతోపై తుప్పును ఎందుకు ఆధారంగా పరిగణిస్తారు?