చాంద్ బీబీ నేర్పిన పాఠం

చరిత్ర అంటే తేదీలు బట్టీ పట్టడం కాదని మా క్లాసు పిల్లలకు చెబుతుంటాను. 1595 చివర్లో మొగలు రాకుమారుడు మురాద్ అహ్మద్‌నగర్ కోటను ముట్టడించాడు. లోపల సర్దార్లలో ఒకరికొకరికి పడదు. సురంగం తవ్వి గోడ పేల్చినప్పుడు చాంద్ బీబీ తానే ముందు నిలిచి శత్రువును ఆపింది; రాత్రికి రాత్రే గోడ పూడ్పించింది. అయినా పొంగిపోలేదు. 1596లో బేరారు వదులుకుని సంధి చేసుకుంది, రాజ్యం నిలిచింది.

1600లో మళ్లీ సైన్యం వచ్చింది. ఈసారి ఆమె సంధి మాటెత్తగానే ద్రోహమనుకుని సొంతవాళ్లే చంపేశారు. ఆ ఆగస్టులోనే కోట పోయింది.

ఎప్పుడు నిలవాలో, ఎప్పుడు తగ్గాలో తెలిసినవారే నాయకులు. తగ్గుదామన్నవాడిని పిరికివాడనే ముందు, అతని మాట పూర్తిగా వినే ఓపిక మన మీటింగుల్లో మనకూ ఉండాలి కదా!