శుక్రవారం విడుదల

పెద్ద గేటులోని చిన్న తలుపు తెరుచుకుంటుంది. సామాను సర్దిన ప్లాస్టిక్ సంచితో అతను బయటికొస్తాడు. వెనకే మీరూ. ఇంగ్లాండు ఉత్తరాది, 2006 నవంబరు, శుక్రవారం పొద్దున. సన్నటి తుంపర. అతని జేబులో విడుదల భత్యం 46 పౌండ్లు, కడుపులో హెరాయిన్‌కు బదులుగా ఇందాక తాగించిన మెథడోన్. అది రేపు ఈ వేళకల్లా దిగిపోతుంది.

రేపు శనివారం, ఆఫీసులకు సెలవు.

లోపల క్యారట్ కార్యకర్త పోయిన వారమే ఫారం నింపింది. క్యారట్ అంటే జైళ్లలో మత్తుమందుల బాధితులను చూసుకోవడానికి 1999లో మొదలైన బృందాలు. ఏం వాడేవాడు, ఎన్నాళ్లుగా, సూదితోనా, అన్నీ రాసింది. చివర సమ్మతి గడి దగ్గర అతని పెన్ను ఆగింది.

"ఇది పోలీసుల దగ్గరికి పోతుందా?"

"మీ ఊళ్లోని మత్తు చికిత్స టీముకే."

సంతకం పెట్టాడు. అతని అనుమానంలో తప్పేం లేదు. తన రోగం చిట్టా ఎవరెవరు చదువుతారో అడగని వాడే అమాయకుడు.

రెండు బస్సులు మారి టీము ఆఫీసు చేరేసరికి మూడు దాటింది. ఫ్యాక్స్ ట్రేలో అతని కాగితాలున్నాయి, అమ్మయ్య! కానీ మోతాదు దగ్గర సిరా అలికినట్టుంది. 30 మిల్లీగ్రాములా, 80యా? అక్కడి కార్యకర్త కాగితాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూస్తుంది. మీరూ తొంగి చూస్తారు. తేలడం లేదు. తక్కువ రాస్తే అతను రేపు సాయంత్రానికల్లా హెరాయిన్ కోసం వీధిలో ఉంటాడు. ఎక్కువ రాస్తే నిద్రలోనే ఊపిరి ఆగొచ్చు. ఇంగ్లాండు, వేల్స్ జైళ్ల నుంచి వచ్చిన మగవాళ్లకు తొలి వారంలో చావు ముప్పు మామూలు జనం కంటే 29 రెట్లని, ఆడవాళ్లకు 69 రెట్లని ఫారెల్, మార్స్‌డెన్‌ల పరిశోధన 2008లో లెక్క తేల్చింది.

"ముప్పై," అంటాడతను. అంకె అతనికి కంఠతా వచ్చు. కానీ డాక్టరు అతని మాట మీద రాయడు, జైలు మాట మీదే రాస్తాడు.

ఆమె జైలు వైద్య విభాగానికి ఫోన్ చేస్తుంది. మోగుతోంది. మూడున్నర. మళ్లీ మోగుతోంది. (శుక్రవారం విడుదలలను ముందుకు జరపడానికి చట్టం రావాలంటే 2023 దాకా ఆగాలి.) నాలుగుంపావుకి ఎవరో ఎత్తుతారు.

"అతని సమ్మతి పత్రం మీ దగ్గరుందా?"

ఆమె రిసీవరును భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, ట్రేలోని కాగితాలు మొదటి నుంచి తిరగేస్తోంది. అతను గోడ గడియారం కేసి చూస్తున్నాడు.