పాడి పని ఎవరి లెక్క?

2001 జనాభా లెక్కల్లో, ఇంటి వాడకానికే అయినా పాడి చేసేవాళ్లని 'పనిచేసేవారి'లో చేర్చారు. 1991లో పాలు అమ్మని ఇంట్లో అదే చాకిరీ పని కాదు.

మా అమ్మమ్మకి రెండు గేదెలు, నాలుగు మేకలు, లెక్కతెలియని కోళ్లు. నాలుగింటికే లేచి పేడెత్తి, కుడితి కలిపి, దూడని వదిలి, గేదె చేపాక పితికేది. ఈలోగా మేక పలుపు తెంపుకుని పక్కింటి కాకరపాదు మీద పడేది. పాలచెంబు దించి పరుగు. గంపెత్తితే కోళ్లు ఆరబోసిన వడ్ల మీదకి. పేడ పిడకవ్వాలి, పిడక దాలిలోకి పోవాలి, దాలిలో పాలు ఎర్రగా కాగాలి, తోడుపెట్టాలి, చిలకాలి. ఇందులో ఏది వంట, ఏది వ్యవసాయం? (ఈ ప్రశ్న అడిగితే ఆవిడ నవ్వేది.)

1970లో క్షీర విప్లవం మొదలైంది. పాలకేంద్రం మా ఊరికీ వచ్చింది. వెన్నశాతం చూసి డబ్బు కట్టేవారు. సభ్యత్వం తాతయ్య పేరున. ఇంట్లో చల్ల పలచబడింది. అంతకన్నా ముందు పలచబడింది, మా కొట్టంలో పేడెత్తే దళిత స్త్రీ ముంతలో మజ్జిగ. కూలిగా ఆమెకి దక్కేది అదే. పాడి చాకిరీ గురించి మనం రాసేటప్పుడు అమ్మమ్మలే ఎక్కువగా కనిపిస్తారు, ఆమె కనిపించదు.

2001 మార్పు మంచిదే. కానీ మేత కోసుకొచ్చే, పుల్లలేరే స్త్రీని జాతీయ నమూనా సర్వే 93వ కోడ్ కింద, శ్రామికశక్తికి బయటే రాసుకుంది.