చేతికుట్టు కానుక - వెనుకవైపు చరిత్ర

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1902లో వాల్తేరు - కటక్ మార్గాన్ని కూడా తన అధీనంలోకి తెచ్చుకున్నది. ఆ మార్గం వెంట ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఖరగ్‌పూర్ చేరి స్థిరపడ్డాయి. వర్క్‌షాపు కార్మికుల పేర్లు జీతాల రిజిస్టర్లకు ఎక్కాయి. వారి ఇండ్లలో స్త్రీలు చేసిన కుట్టుపనికి అటువంటి నమోదు లేదు. దానికి మిగిలే సాక్ష్యం వస్త్రమొక్కటే.

ఆ కుటుంబాలు చేరిన వంగదేశం కాంథాకు పుట్టినిల్లు. పాత చీరలను, ధోవతులను పొరలుగా పేర్చి, చీర అంచుల నుండి తీసిన దారాలతో పొరలన్నిటినీ కలిపి కుట్టడం అక్కడి సంప్రదాయం. అడుగు పొరయే దానికి అస్తరు. ఐ.సి.ఎస్. అధికారి గురుసదయ్ దత్ (1882-1941) పేరిట ఏర్పడిన మ్యూజియం సేకరణలో, మానదాసుందరి దాసి అనే స్త్రీ 19వ శతాబ్దిలో తన తండ్రికి కానుకగా కుట్టిన కాంథా ఒకటి ఉన్నది. తన పేరును, అది తండ్రి కోసమన్న మాటను ఆమె సూదితోనే లిఖించింది. కనుకనే ఆమె చరిత్రకు దక్కింది.

నేడు కానుకగా ఇచ్చే కుట్టుపనిని కొయ్య రింగులో బిగించి, రింగుతో సహా గోడకు తగిలిస్తున్నారు. ఇందులో వెనుకవైపు ముగింపు ముఖ్యమైనది. రింగు చుట్టూ రెండు వేళ్ల వెడల్పు గుడ్డ ఉంచి మిగతాది కత్తిరించాలి. ఆ అంచున దూరకుట్టు వేసి, దారం లాగి వెనుకకు ముడుచుకొనేలా బిగించి ముడి వేయాలి. తరువాత రింగు కొలతకు గుండ్రంగా కత్తిరించిన నూలుగుడ్డను అస్తరుగా పరచి, ముడిచిన అంచుకు చుట్టూ కుట్టాలి. జిగురు వాడితే కాలక్రమంలో గుడ్డపై మరక పడవచ్చును. ఉతకవలసి వచ్చినప్పుడు విప్పడమూ కష్టం. కుట్టినదైతే విప్పి, శుభ్రపరచి, తిరిగి కుట్టవచ్చును.

అయితే అస్తరు ముడులతో పాటు కుట్టిన చేతి ఆనవాళ్లనూ కప్పివేస్తుంది. ఎవరు, ఎవరికి, ఏ ఊరిలో, ఏ సంవత్సరంలో కుట్టారో ఆ గుడ్డపై ముందుగా దారంతో రాసి, ఆ తరువాతనే దానిని అమర్చడం మేలు. ఖరగ్‌పూర్ తెలుగు గృహాల చరిత్రను రేపు రాయబోయేవారికి ఆ నాలుగు మాటలు విలువైన ఆధారమవుతాయి.